నవాసారం కట్టు విప్పడం ఎలా: అమ్మోనియా, అమ్మోనియం క్లోరైడ్‌లను చేసి చూస్తూ నేర్చుకునే పద్ధతి

మా చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మా వీధికి కళాయి పోసే ఆయన వచ్చేవాడు. వేపచెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, తోలుతిత్తి బిగించి, బొగ్గులు రాజేసి, ఇత్తడి గిన్నెను పటకారుతో పట్టుకుని బాగా వేడెక్కించి, పక్కన డబ్బాలోంచి తెల్లటి పొడి చిటికెడు తీసి లోపలికి విసిరేవాడు. పడీ పడగానే తెల్లటి పొగ గుప్పున లేచేది, ముక్కు మండిపోయేది, మేం వెనక్కి పరిగెత్తేవాళ్లం. ఆయన మాత్రం ఆ పొగలోనే తగరపు కడ్డీ ఒకసారి తాకించి, దూది ఉండతో గిర్రున తిప్పేసరికి గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. ఆ పొడి పేరు నవాసారం. కొన్ని ఊళ్లలో నవాసాగరం అంటారు. ఇంటర్ సెకండియర్ ప్రాక్టికల్స్‌లో నాకిచ్చిన తెల్ల సాల్ట్ అమ్మోనియం క్లోరైడ్ అని తేలాక, అది కళాయి ఆయన డబ్బాలోని పొడేనని తెలిసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత పదిహేనేళ్లుగా పిల్లలకు ల్యాబ్ చూపిస్తున్నాను. ఈ సాల్ట్ దగ్గర వాళ్లు పడే టెన్షన్ అంతా ఒక్క విషయం పట్టుకోకపోవడం వల్లే. నవాసారం అంటే అమ్మోనియా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్న పదార్థం. వేడి ఆ పట్టు వదిలిస్తుంది, క్షారమూ వదిలిస్తుంది, నీళ్లు కొద్దిగా వదులు చేస్తాయి. ఎవరు వదిలించారు, విడిపోయాక ఎవరు ముందు బయటికి వచ్చారు అని చూసుకుంటూ పోతే బట్టీ పట్టాల్సింది దాదాపు ఏమీ మిగలదు. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ కట్టు విప్పడమో, మళ్లీ కట్టడమో.

ముందు సరంజామా, జాగ్రత్తలు

నవాసారం 50 గ్రాములు చాలు, అన్ని ప్రయోగాలూ అయ్యాక కూడా మిగులుతుంది. ల్యాబ్ సీసాలో ఉండేది పొడిగా, పంచదారలా ఉంటుంది. బజార్లో దొరికేది పీచుపీచుగా ఉన్న గడ్డలు, రోట్లో వేసి దంచితే తొందరగా నలగదు, సాగినట్టు ఉంటుంది. నాటుసారా తయారీలో కూడా దీన్ని వాడతారు కాబట్టి కొన్నిచోట్ల కొట్టువాళ్లు ఎందుకని అడుగుతారు, ప్రాక్టికల్స్ కోసమని చెప్పండి. పొడి సున్నం లేదా కిళ్లీ కొట్టు సున్నం, ఎరుపు, నీలం లిట్మస్ కాగితాలు, పసుపు, థర్మామీటరు, నాలుగు టెస్ట్ ట్యూబులు కావాలి. కళ్లద్దాలు తప్పనిసరి. చదువుకునేప్పుడు పెట్టుకునేవి కాదు, పక్కలనుంచి కూడా మూసి ఉండే ల్యాబ్ అద్దాలు.

నీళ్లలో కరిగించడం, లిట్మస్ పరీక్ష, చిటికెడు సున్నంతో పరీక్ష, ఈ మూడూ ఇంట్లో కిటికీలు తీసుకుని చేసుకోవచ్చు. వేడి చెయ్యడం, గాఢ ఆమ్లాలు, సోడియం హైడ్రాక్సైడ్, సిల్వర్ నైట్రేట్ మాత్రం ల్యాబ్‌లోనే, పక్కన పెద్దవాళ్లు ఉన్నప్పుడే.

ఎంత వాడాలో లెక్క వేసి చెబుతాను, ఎందుకంటే ‘కొంచెం’ అంటే ఒక్కొక్కరి చేతికి ఒక్కో కొలత. ఒక గ్రాము నవాసారం మొత్తం విడిపోతే దాదాపు 450 మి.లీ. అమ్మోనియా వాయువు వస్తుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో తలుపులన్నీ మూసి అదంతా వదిలితే గాలిలో అమ్మోనియా మిలియన్‌కు 16, 17 భాగాలు అవుతుంది. రోజంతా పనిచేసే చోట ఉండకూడదని పెట్టుకున్న హద్దు 25 భాగాలు. అంటే ఒక్క గ్రాముతోనే ఆ హద్దులో సగం దాటిపోతాం, టెస్ట్ ట్యూబ్ మూతి దగ్గరైతే చెప్పనక్కర్లేదు. అందుకే అమ్మోనియాను గదిలోకి వదిలే ఏ పరీక్షకైనా అర గ్రాము, అంటే పావు టీస్పూను కన్నా తక్కువ తీసుకోండి. వాసన చూడాలంటే ముక్కు మూతి దగ్గర పెట్టొద్దు, చేత్తో గాలిని మీ వైపు విసురుకోండి. కంట్లో పడితే ఆలోచించకుండా కుళాయి కింద కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అమ్మోనియా క్షారం, ఆమ్లం కన్నా లోతుగా కంటిలోకి దిగుతుంది.

ఇంకొకటి. బాత్రూములు కడిగే బ్లీచింగ్ పౌడర్‌ను గానీ, బ్లీచ్ ద్రావణాన్ని గానీ అమ్మోనియాతో, నవాసారంతో ఎప్పుడూ కలపొద్దు. క్లోరమీన్లు అనే విషవాయువులు వస్తాయి. ఇది ప్రయోగం కాదు, ప్రమాదం.

మొదటి మెట్టు: నీళ్లలో వెయ్యండి, గ్లాసు పట్టుకోండి

ఒక గాజు గ్లాసులో 100 మి.లీ. నీళ్లు పోసి థర్మామీటరు పెట్టి రాసుకోండి, మన ఎండల్లో 30 డిగ్రీలు ఉంటుందనుకుందాం. 30 గ్రాముల నవాసారం ఒకేసారి వేసి ప్లాస్టిక్ చెంచాతో గబగబా కలపండి. చూస్తుండగానే పాదరసం దిగిపోతుంది. గ్లాసు బయట చెమ్మ పట్టినా పట్టవచ్చు, మీ ఊళ్లో గాలిలో ఎంత తేమ ఉందన్న దాన్ని బట్టి. ఒక మోల్ నవాసారం, అంటే 53.5 గ్రాములు, కరగడానికి దాదాపు 14.8 కిలోజౌళ్ల వేడి లాక్కుంటుంది. మనం వేసింది అందులో సగానికి కాస్త ఎక్కువ, ఆ వేడి బయటినుంచి రాదు, ఆ నీళ్లలోంచే పోవాలి. లెక్క ప్రకారం 17, 18 డిగ్రీలు పడాలి. గ్లాసు నుంచి, గాలి నుంచి వేడి వచ్చి చేరుతూనే ఉంటుంది కాబట్టి 12 నుంచి 15 దాకా పడితే బాగా చేసినట్టే.

పిల్లలు ఇక్కడ అడిగే ప్రశ్న మంచిది: వేడి తీసుకునే పని తనంతట తాను ఎలా జరుగుతుంది సార్ అని. స్ఫటికంలో వరుసగా, కదలకుండా నిలబడ్డ అయాన్లు నీళ్లలోకి వచ్చి ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి. ఆ చెల్లాచెదురు, అంటే ఎంట్రోపీ పెరగడం, వేడి ఖర్చుకు మించి లాభం. అందుకే జరుగుతుంది. వేడి నీళ్లలో ఇంకా బాగా కరుగుతుంది: 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లలో 37 గ్రాములు, మరిగే నీళ్లలో 77. మలినాలున్న బజారు నవాసారాన్ని శుభ్రం చెయ్యాలంటే ఇదే దారి, వేడి నీళ్లలో గట్టిగా కరిగించి, వడకట్టి, చల్లారనిస్తే ఈకల్లాంటి అందమైన స్ఫటికాలు రాలతాయి. ఒక్కసారైనా చేసి చూడండి.

రెండో మెట్టు: లిట్మస్ ముంచండి

అదే ద్రావణంలో నీలం లిట్మస్ ముంచితే నెమ్మదిగా ఎర్రబడుతుంది. ఉప్పుకు ఆమ్లగుణం ఏమిటని చాలామంది ఆగిపోతారు. అమ్మోనియం అయాన్ నీళ్లలో ఉన్నప్పుడు తన దగ్గరున్న ఒక ప్రోటాన్‌ను అప్పుడప్పుడు నీటి అణువుకు ఇచ్చేస్తుంది, ఇచ్చేసి అమ్మోనియాగా మిగులుతుంది. క్లోరైడ్‌కు ఆ ప్రోటాన్ అక్కర్లేదు, అది బలమైన ఆమ్లం నుంచి వచ్చింది. లీటరులో 0.1 మోల్ ఉన్న ద్రావణం పీహెచ్ (7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని చెప్పే కొలత) 5.1 దాకా వస్తుంది. అదే గాఢతలో అమ్మోనియా ద్రావణం అయితే 11.1. ఈ రెంటి మధ్యలో 9.25 అనే అంకె ఒకటి ఉంది, దాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ పీహెచ్ దగ్గర సగం అమ్మోనియా, సగం అమ్మోనియం ఉంటాయి. ఒక మెట్టు కిందికి 8.25కు దిగితే అమ్మోనియా దాదాపు 9 శాతం, 7.25కు దిగితే 1 శాతం.

భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్లకు ఈ లెక్క పరీక్ష కోసం కాదు, పంట కోసం కావాలి. ల్యాబ్ వాళ్లు రాసిచ్చే మొత్తం అమ్మోనియా అంకె ఒకటే ఉన్నా, రొయ్యకు ఎక్కువ విషమయ్యేది విడిగా ఉన్న అమ్మోనియానే, అమ్మోనియం అంతగా కాదు. మధ్యాహ్నం ఎండకు నాచు కార్బన్ డయాక్సైడ్‌ను తినేసి పీహెచ్ పైకి ఎక్కినప్పుడు, చెరువులో కొత్తగా ఏదీ కలవకుండానే విషం భాగం కొన్ని రెట్లు పెరుగుతుంది. తెల్లవారుజామున తీసిన నీళ్లతో పరీక్ష చేయించి నిశ్చింతగా కూర్చోకండి, మధ్యాహ్నం పీహెచ్ కూడా చూడండి.

మూడో మెట్టు: వేడి చెయ్యండి (ల్యాబ్‌లో)

పొడి టెస్ట్ ట్యూబ్‌లో అర గ్రాము నవాసారం వేసి, దాని పైన కాస్త ఖాళీ వదిలి, గాజు దూదిని వదులుగా బిగించండి. తడిపిన ఎర్ర లిట్మస్ ఒకటి, నీలం ఒకటి ఆ దూదికి పైన, మూతి దగ్గర అంటించండి. ఇప్పుడు అడుగున నెమ్మదిగా వేడి చెయ్యండి. ఉప్పు కరిగి ద్రవం కాదు, నేరుగా మాయమై పైన చల్లటి గోడల మీద తెల్లటి పూతలా కనిపిస్తుంది. టెక్స్ట్‌బుక్‌లో దీన్ని ఉత్పతనం అంటారు. కర్పూరం కూడా ఇలాగే చేస్తుంది కదా అని రెంటినీ ఒకే గాట కట్టేస్తారు, కానీ కర్పూరం అణువు అణువుగానే లేచి, అణువుగానే దిగుతుంది. నవాసారం 340 డిగ్రీలకు కాస్త ఇవతలే అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోయి లేస్తుంది, చల్లబడ్డ చోట రెండూ మళ్లీ కలుసుకుంటాయి.

విడిపోయిందని సాక్ష్యం ఏమిటి? ఆ లిట్మస్ కాగితాలే. అమ్మోనియా అణువు బరువు 17, హైడ్రోజన్ క్లోరైడ్ 36.5. తేలికైనది గాజు దూది సందుల్లోంచి ముందు దూరి పైకి వస్తుంది, కాబట్టి మొదట ఎర్ర కాగితం నీలమవుతుంది. కాసేపటికి రెండోది కూడా వచ్చి కాగితాలు రెంటినీ ఎర్రగా మార్చేస్తుంది. ఈ రంగు మార్పు మొత్తం ఒక నిమిషంలోనే అయిపోతుంది, ఆ నిమిషం కళ్లు పక్కకు తిప్పకండి. మా దగ్గర బ్యాచ్‌లో సగం మంది చివరి ఎరుపు మాత్రమే చూసి ‘ఆమ్ల వాయువు వచ్చింది’ అని రాసేస్తారు. తప్పు వాళ్ల కళ్లది కాదు, చూడాల్సిన క్షణం ఏదో ఎవరూ చెప్పకపోవడంది.

ఇప్పుడు కళాయి గిన్నె దగ్గరికి రండి. వేడెక్కిన ఇత్తడి మీద, రాగి మీద గాలి తగిలి సన్నటి నల్లటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉండగా తగరం అతకదు, నీళ్లు తామరాకు మీద జారినట్టు ఉండలు కట్టి జారిపోతుంది. నవాసారం విసరగానే విడిపోయి వచ్చిన హైడ్రోజన్ క్లోరైడ్ ఆ ఆక్సైడ్‌ను క్లోరైడ్‌గా మార్చి ఎత్తుకుపోతుంది, అమ్మోనియా కూడా ఊరికే ఉండదు, వేడి మీద రాగి ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుని రాగిని రాగిగా మిగిల్చి తాను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా వెళ్లిపోతుంది. ఒక్క చిటికెడులో ఇద్దరు పనివాళ్లు. అలా శుభ్రపడ్డ లోహం మళ్లీ మాసేలోపు తగరం పారాలి, తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే ఆయన అంత వేగంగా చెయ్యి తిప్పేవాడు, అది హడావుడి కాదు, లెక్క. పైకి లేచిన తెల్ల పొగేమో విడిపోయినవి రెండూ గాలిలో మళ్లీ కట్టుకున్న నవాసారమే. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే కిలుం పట్టి కడుపులో తిప్పుతుందని అమ్మమ్మలు చెప్పింది నిజం, చింతపండు పులుపుకు రాగి కరిగి దిగుతుంది. అదంతా ఆపేది వెంట్రుక మందం కూడా లేని ఆ తగరం పూతే.

నాలుగో మెట్టు: సున్నంతో కట్టు విప్పండి

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. ఇంట్లో చేసే పద్ధతి ముందు చెబుతాను. ఒక తెల్ల కాగితం ముక్కను పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి ఉంచుకోండి. చిన్న గాజు గిన్నెలో పావు టీస్పూను కన్నా తక్కువ నవాసారం పొడి, దాని మీద బఠాణీ గింజంత కిళ్లీ సున్నం వేసి అగ్గిపుల్లతో కలపండి. రెంటికీ విడిగా వాసన లేదు, కలిపిన మరుక్షణం పశువుల కొట్టంలో తెల్లవారుజామున వచ్చే ఘాటు వాసన కొడుతుంది. పసుపు కాగితాన్ని కాస్త తడిపి గిన్నె మీద, తాకకుండా పట్టుకోండి. పారాణి రంగులోకి తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేదీ ఇలాగే, క్షారం తగలడం వల్ల.

అయితే సున్నం తుంపర తగిలి ఎర్రబడిందో, అమ్మోనియా వల్ల ఎర్రబడిందో ఎలా తెలుసు? కాగితాన్ని ఫ్యాను కింద పెట్టండి. అమ్మోనియా అయితే ఎగిరిపోతుంది, ఎరుపు తగ్గి పసుపు తిరిగి వస్తుంది. సున్నం అయితే అలా వెంటనే పోదు. ల్యాబ్‌లో లిట్మస్‌తో చేసినప్పుడు కూడా ఈ అనుమానం మనసులో పెట్టుకోవాలి, దాని గురించి కింద మళ్లీ చెబుతాను.

ఇక ల్యాబ్ పద్ధతి. వాయువు పట్టాలంటే 2 గ్రాముల నవాసారం, 3 గ్రాముల పొడి సున్నం బాగా కలిపి గట్టి గాజు ట్యూబ్‌లో వేసి, ట్యూబ్ మూతి అడుగు కన్నా కొంచెం కిందికి వంగి ఉండేలా స్టాండుకు బిగించండి. ఎందుకంటే ఈ చర్యలో నీళ్లు కూడా పుడతాయి, మూతి దగ్గర చల్లబడ్డ ఆ చుక్క వెనక్కి జారి కాలుతున్న గాజు మీద పడితే ట్యూబ్ టప్పున పగులుతుంది. మా ల్యాబ్‌లో ఒకసారి సరిగ్గా అదే జరిగింది, అదృష్టం కొద్దీ ఆ అమ్మాయి అద్దాలు పెట్టుకుని ఉంది. వచ్చే వాయువును ఆరబెట్టడానికి నీళ్లు తగలని కాల్చిన సున్నం (క్విక్‌లైమ్) ఉన్న గొట్టంలోంచి పంపండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పనికిరాదు, అది అమ్మోనియాను పట్టేసుకుని అమ్మోనియం సల్ఫేట్ అయిపోతుంది. కాల్షియం క్లోరైడ్ కూడా పనికిరాదు, ఒక్కో దానికి ఎనిమిది అమ్మోనియా అణువుల దాకా అంటిపెట్టుకుంటుంది. గాలి కన్నా తేలిక కాబట్టి జాడీని బోర్లించి పట్టాలి. నీటి మీద పట్టే ఆలోచనే వద్దు, 20 డిగ్రీల దగ్గర ఒక లీటరు నీళ్లు దాదాపు 700 లీటర్ల అమ్మోనియాను మింగేస్తాయి. 1774లో ప్రీస్ట్లీ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త నవాసారాన్నీ సున్నాన్నీ ఇలాగే కాచినప్పుడు ఆ వాయువును పట్టగలిగింది నీళ్లకు బదులు పాదరసం వాడటం వల్లే, దానికి ఆయన పెట్టిన పేరు ‘క్షార గాలి’.

ఆ 700 లీటర్ల అంకె ప్రాణాలు కాపాడేది కూడా. మన దగ్గర ఐస్ ఫ్యాక్టరీల్లో, మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో, రొయ్యల ప్లాంట్లలో చల్లదనానికి వాడేది అమ్మోనియానే, మైనస్ 33 డిగ్రీల దగ్గర మరుగుతుంది. లీకయిందని తెలిస్తే మందంగా మడిచిన తడి గుడ్డ ముక్కుకు, నోటికి అడ్డం పెట్టుకుని, గాలి వీచే దారికి అడ్డంగా బయటికి నడవండి. గుడ్డలోని నీళ్లు కొంత వాయువును పట్టేస్తాయి. తేలిక వాయువే కదా పైకి పోతుందిలే అనుకోవద్దు, ట్యాంకులోంచి చల్లగా పొగమంచులా వచ్చినప్పుడు నేల పట్టుకునే పాకుతుంది.

ఐదో మెట్టు: మళ్లీ కట్టండి

గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచిన గాజు కడ్డీని అమ్మోనియా వచ్చే మూతి దగ్గరికి తీసుకెళ్తే దట్టమైన తెల్ల పొగ. ఆ కడ్డీ తేమ గాలిలో తనంతట తానే కొంచెం పొగలు కక్కుతుంది, కాబట్టి ముందు ఖాళీ ట్యూబ్ మీద పెట్టి ఆ పొగ ఎలా ఉందో చూసుకుని, తర్వాత అసలు దాని మీద పెట్టండి. తేడా చూసిన కన్ను ఇంక మోసపోదు.

మీటరు పొడవు గాజు గొట్టం దొరికితే ఒక చివర అమ్మోనియా ద్రావణంలో ముంచిన దూది, రెండో చివర హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచిన దూది ఒకేసారి పెట్టి మూసేయండి. కొన్ని నిమిషాల్లో తెల్లటి ఉంగరం ఏర్పడుతుంది, మధ్యలో కాదు, ఆమ్లం చివరకు దగ్గరగా. 36.5ను 17తో భాగించి వర్గమూలం తీస్తే 1.46, అమ్మోనియా అన్ని రెట్లు వేగంగా పరిగెడుతుందన్నమాట. అంటే ఉంగరం అమ్మోనియా చివర నుంచి సుమారు 59 సెంటీమీటర్ల దగ్గర రావాలి, గొట్టంలో గాలి ఉంటుంది కాబట్టి అటూ ఇటూ అవుతుంది. కంటికి కనిపించని అణువులు పరిగెత్తి కలుసుకున్న చోటు అదని పిల్లలకు చూపించినప్పుడు ల్యాబ్ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

ఆరో మెట్టు: సాల్ట్ అనాలిసిస్‌లో దీన్ని పట్టుకోవడం

ఇక ప్రాక్టికల్ పరీక్ష, అంటే మీకిచ్చిన ఉప్పు ఏదో కనిపెట్టడం. తెల్లగా ఉంది, వాసన లేదు, నీళ్లలో కరిగింది, కరుగుతుంటే ట్యూబ్ చల్లబడింది (దీన్ని ఎవరూ గమనించరు, కానీ పెద్ద ఆచూకీ), పొడిగా వేడి చేస్తే తెల్ల పూత గోడల మీద పట్టింది. ఇంతవరకు వచ్చేసరికి సగం తేలిపోయినట్టే.

కేటయాన్ (ఉప్పులోని ధన అయాన్) పరీక్షల్లో మొదట చెయ్యాల్సింది సున్నా గ్రూపు, అంటే అమ్మోనియం. అది కూడా మీకిచ్చిన అసలు ఉప్పుతోనే చెయ్యాలి. ఎందుకో తెలియక ఏటా కొందరు మార్కులు పోగొట్టుకుంటారు. ఇనుము, అల్యూమినియం లాంటివి వెతికే మూడో గ్రూపుకు వచ్చేసరికి మీరే నవాసారం, అమ్మోనియం హైడ్రాక్సైడ్ (అంటే అమ్మోనియా ద్రావణమే) పోస్తారు. ఆ తర్వాత ఆ ద్రావణంలో అమ్మోనియం కోసం వెతికితే ఉప్పు ఏదైనా సరే ‘ఉంది’ అనే వస్తుంది, మీరు పోసిందే మీకు కనిపిస్తుంది.

అర గ్రాము ఉప్పులో 2 మి.లీ. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోసి మెల్లగా వేడి చెయ్యండి. గబుక్కున మంట మీద పెడితే ద్రావణం ఎగజిమ్ముతుంది, ఆ తుంపర లిట్మస్ మీద పడి నీలం చేస్తుంది, అమ్మోనియా లేకపోయినా ఉందని రాసేస్తారు. లిట్మస్ ట్యూబ్ గోడకు తగలకూడదు, మూతికి పైన అర అంగుళం ఎత్తులో ఉండాలి. సరిగ్గా వస్తే కాగితం అంచుల నుంచి సమానంగా నీలమవుతుంది, తుంపరైతే చుక్కలు చుక్కలుగా. ఖాయం చేసుకోవడానికి నెస్లర్ కారకం రెండు చుక్కలు చాలు, గోధుమ రంగు అవక్షేపం వస్తుంది. అందులో పాదరసం ఉంటుంది, సింకులో పారబోయకుండా ల్యాబ్ వాళ్లు పెట్టిన వేరే సీసాలో పోయండి.

మూడో గ్రూపులో నవాసారం ఎందుకు పోస్తామో కూడా చెప్పి తీరాలి, వైవాలో తప్పకుండా అడిగేది ఇదే. 0.1 మోలార్ అమ్మోనియా ద్రావణంలో హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢత 0.0013 మోలార్ (అంటే లీటరులో అన్ని మోల్‌లు) ఉంటుంది. దాంట్లో మెగ్నీషియం 0.1 మోలార్ ఉంటే ఆ హైడ్రాక్సైడ్ చాలు, మెగ్నీషియం కూడా అవక్షేపమైపోతుంది. ఇప్పుడు అదే ద్రావణంలో నవాసారం 1 మోలార్ అయ్యేంత వెయ్యండి. బోలెడంత అమ్మోనియం అయాన్ వచ్చి పడేసరికి అమ్మోనియా ఇక నీళ్ల నుంచి ప్రోటాన్ లాక్కోవడం తగ్గించేస్తుంది, హైడ్రాక్సైడ్ 0.0000018 మోలార్‌కు పడిపోతుంది, అంటే 700 రెట్లకు పైగా తగ్గుతుంది. మెగ్నీషియంకు అది చాలదు, ద్రావణంలోనే ఉండిపోతుంది. ఫెర్రిక్, అల్యూమినియం హైడ్రాక్సైడ్లకు మాత్రం ఆ కాస్త కూడా ఎక్కువే, రాలిపోతాయి. కామన్ అయాన్ ఎఫెక్ట్ అంటే ఇదే. కాబట్టి ముందు నవాసారం, తర్వాత అమ్మోనియం హైడ్రాక్సైడ్, ఈ వరస తిరగెయ్యొద్దు. నవాసారం ఘనంగా, ట్యూబ్‌లో కాస్త కరగకుండా మిగిలేంత వెయ్యండి, పిసినారితనం వద్దు.

ఆనయాన్ (రుణ అయాన్) వైపు వస్తే క్లోరైడ్ సులభం. ఉప్పు మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండు చుక్కలు పడితే బుసబుసమని రంగులేని ఘాటు వాయువు, అమ్మోనియం హైడ్రాక్సైడ్‌లో ముంచిన కడ్డీ పెడితే మళ్లీ అదే తెల్ల పొగ. ఇందాక క్షారం పోస్తే అమ్మోనియా బయటికి వచ్చింది, ఇప్పుడు ఆమ్లం పోస్తే రెండో మనిషి వచ్చాడు. సోడియం కార్బొనేట్ ఎక్స్‌ట్రాక్ట్ (ఉప్పును సోడియం కార్బొనేట్‌తో నీళ్లలో కాచి వడకట్టిన ద్రావణం) కాచేటప్పుడు కూడా ముక్కు తెరిచి ఉంచండి, అమ్మోనియం ఉప్పయితే అక్కడే వాసన వచ్చేస్తుంది. ఆ ఎక్స్‌ట్రాక్ట్‌ను సజల నైట్రిక్ ఆమ్లంతో బుడగలు ఆగేదాకా ఆమ్లీకరించి సిల్వర్ నైట్రేట్ పొయ్యాలి. నైట్రిక్‌కు బదులు పక్కనే ఉన్న హైడ్రోక్లోరిక్ పోస్తే క్లోరైడ్ మీరే కలిపినట్టు, ఇందాక అమ్మోనియం విషయంలో చెప్పిన తప్పే ఇంకో రూపంలో.

పెరుగు విరిగినట్టు తెల్లటి అవక్షేపం వస్తుంది. దాని మీద అమ్మోనియం హైడ్రాక్సైడ్ పోసి కదిపితే చల్లగా మాయమైపోతుంది. ఒక్కో వెండి అయాన్‌ను రెండేసి అమ్మోనియా అణువులు చెరోవైపు పట్టుకుని నీళ్లలోకి తీసుకుపోతాయి. మీ దగ్గరున్నది క్లోరైడేనని దీంతో ఖాయం: బ్రోమైడ్ అయితే లేత పసుపు అవక్షేపం కష్టం మీద కరుగుతుంది, అయొడైడ్ అసలు కరగదు. నచ్చితే ఈ స్పష్టమైన ద్రావణంలో నైట్రిక్ ఆమ్లం కాస్త ఎక్కువగా పోసి చూడండి, ఆమ్లం అమ్మోనియాను లాక్కుని అమ్మోనియంగా మార్చేస్తుంది, వెండి ఒంటరిదై మళ్లీ తెల్లగా రాలిపోతుంది.

నచ్చితే అన్నాను గానీ, నిజానికి అది తప్పక చెయ్యాల్సిన పని. అమ్మోనియాలో కరిగిన వెండి ద్రావణాన్ని గంటల తరబడి అలా వదిలేస్తే అందులో నల్లటి పేలుడు పదార్థం పేరుకునే ప్రమాదం ఉంది, మర్నాడు కదిపితేనే పేలవచ్చు. కాబట్టి ల్యాబ్ వదిలి వెళ్లేలోపు ఆ ట్యూబ్‌లో నైట్రిక్ ఆమ్లం పోసి, తెల్ల అవక్షేపం వచ్చిందని చూసి, వెండి వ్యర్థాల సీసాలో పోసి, ట్యూబ్‌ను రెండుసార్లు కడిగి స్టాండులో బోర్లించండి.